ఫ్లెక్సీకి తగ్గ ముఖం

మా ఊరి సర్పంచ్ గారి ముఖాన్ని ఫ్లెక్సీకి అనుగుణంగా సరిచేయాలని పంచాయతీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సమావేశానికి సర్పంచ్ గారు రాలేదు. ఏ సమావేశానికీ రారు. ఆడమనిషి కాబట్టి సీటు ఆవిడకి వచ్చింది. ఆడమనిషి కాబట్టే కుర్చీలో భర్త కూర్చుంటారు. ఇందులో వింతేమీ లేదు. మీ ఊళ్లోనూ ఇంతే.

సర్పంచ్ పేరు సుబ్బాయమ్మ. భర్త భీమరాజు. మాది కాట్రేనికోన దగ్గర ఊరు. మా మంచినీళ్ల చెరువుని ఆనుకుని భీమరాజు గారి రొయ్యల చెరువు ఉంది. రొయ్యలకి ఉప్పునీళ్లు కావాలి, మనుషులకి మంచినీళ్లు కావాలి. మధ్యన ఒక్కటే గట్టు. అది మట్టి గట్టు, అందువల్ల దానికి పక్షపాతం లేదు. అటు నీళ్లు ఇటు రానిస్తుంది. కుళాయిలో నీళ్లు ఉప్పగా వస్తున్నాయని కాలనీ వాళ్లు అర్జీ పెట్టుకుంటే, కూరలో ఉప్పు తగ్గించుకోమని, అది ఆరోగ్యానికి కూడా మంచిదని భీమరాజు గారు దయతో సలహా ఇచ్చారు.

ఇలా ఉండగా కొత్త పంచాయతీ భవనం ప్రారంభించడానికి జిల్లా పెద్ద అధికారి వస్తున్నారని కబురొచ్చింది. భీమరాజు గారు అమలాపురం వెళ్లి ఫ్లెక్సీ వేయించారు. ఫ్లెక్సీ షాపు శిరీష మంచి పనిమంతురాలు. సుబ్బాయమ్మ గారి ఫోటో కంప్యూటర్లో పెట్టి, అటు తుడిచి ఇటు తుడిచి, కోరిన కొబ్బరి లాంటి ముఖం తీసి ఇచ్చింది.

అసలు ముఖం అలా ఉండదు. రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా మంగు మచ్చలు. నుదురు ఒక రంగు, గడ్డం ఇంకో రంగు. పెళ్లయిన నాటి నుంచీ గట్టు మీద నిలబడి రొయ్యలకి మేత వేయించింది ఆవిడే. ఆ సంగతి ఎండకి గుర్తుంది. భర్తకి లేదు.

సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. ఊరంతా వచ్చి చూసి, ఎవరో సినిమా ఆవిడ అనుకున్నారు. కింద పేరు చదివి చప్పట్లు కొట్టారు. సమస్య అప్పుడు బయటపడింది. అధికారి గారు ఫ్లెక్సీని చూస్తారు. పక్కనే మనిషినీ చూస్తారు. రెండిటికీ పొంతన లేకపోతే ఊరి పరువేం కాను?

పంచాయతీ సమావేశంలో భీమరాజు గారు లేచి ప్రసంగించారు. "సోదరులారా! ఫ్లెక్సీ చూస్తే తాటిచెట్టంత. ముఖం జానెడు. ఏది మార్చడం తేలికో మీరే చెప్పండి. పైగా ఫ్లెక్సీ పదిమందీ చూసేది. ముఖం ఇంట్లో ఉండేది. ప్రజల సొత్తు జోలికి మనం వెళ్లకూడదు. కాబట్టి నా భార్య ముఖాన్ని నా సొంత ఖర్చుతో బాగుచేయించి ప్రజలకి అంకితం చేస్తున్నాను!"

పంచాయతీ కార్యదర్శి సాయికుమార్ కళ్లు తుడుచుకుంటూ తీర్మానం రాసుకున్నారు.

ఊరు కదిలింది. ఒకరు బంగాళదుంప రసం తెచ్చారు. ఒకరు బొప్పాయి గుజ్జు తెచ్చారు. పెరుగు, శనగపిండి, ఎర్రచందనం, లేత కొబ్బరినీళ్లు అన్నీ ఆ బుగ్గల మీదికే చేరాయి. అన్నీ కలిపితే ఒక పూట ఫలహారం అయ్యేది. గల్ఫు నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు క్రీములిచ్చారు. వాటి మీద రాసింది ఎవరూ చదవలేకపోయారు కాబట్టి మంచివేనని నిర్ధారించారు. అందులో ఒకటి రాసిన మర్నాటికి ముఖం టమాటా పండయింది. "పోనీలే, అంతా ఒకే రంగుకి వచ్చింది" అని భీమరాజు గారు సంతోషించారు. ఎరుపు నిలవలేదు. మంగు నిలిచింది.

అమలాపురంలో చర్మం డాక్టరు శాంతి గారికి చూపించారు. "ఎండలోకి వెళ్లకండి. నెమ్మదిగా పలచబడుతుంది. పూర్తిగా పోకపోయినా భయం లేదు" అని ఆవిడ ఉన్నమాట చెప్పారు. ఉన్నమాట చెప్పే డాక్టరు దగ్గరికి రెండోసారి ఎవరు వెళ్తారు?

అందుకని నాగేంద్రబాబుని పిలిచారు. ఆయనది రొయ్యల చెరువు మందుల షాపు.

"రొయ్యకి తెల్ల మచ్చ వస్తే చూసేది నేనే కదండీ. ఇది నల్ల మచ్చ. రంగు తేడా గానీ, మచ్చ మచ్చేనండీ" అన్నారాయన.

ఈ మాటకి తిరుగులేదు. ఆయన మందు చల్లిన ప్రతి చెరువులోనూ తెల్ల మచ్చ పూర్తిగా పోయింది. రొయ్యలు కూడా పోయాయి. అది వేరే విషయం.

వైద్యం మొదలైంది. పొద్దున్నే ఏదో తెల్లపొడి. మధ్యాహ్నం బెల్లంలో పులియబెట్టిన ద్రవం. సాయంత్రం గాలి బాగా ఆడాలని ముఖానికి ఎదురుగా పెద్ద ఫ్యాను. నాగేంద్రబాబు రోజూ వచ్చి, సుబ్బాయమ్మ గారి బుగ్గ పరీక్షించి, "మేత బాగా తీసుకుంటన్నారాండీ?" అని భీమరాజు గారిని అడిగేవారు. "ఆయ్, రెండు పూటలా" అని ఆయన చెప్పేవారు. సుబ్బాయమ్మ గారిని ఎవరూ ఏమీ అడగలేదు. చెరువులో రొయ్యని ఎవరు అడుగుతారు?

మచ్చ మాత్రం కదల్లేదు. చెరువు మందుల వ్యాపారానికి ఒక నియమం ఉంది. తప్పు ఎప్పుడూ మందుది కాదు, నీళ్లది. నాగేంద్రబాబు ఉప్పు కొలిచే గొట్టం తీసి, ఇంటి కుళాయి నీళ్లు రెండు చుక్కలు వేసి, కంటికి ఆనించుకుని చూశారు.

"అయ్బాబోయ్! భీమరాజు గారండీ, ఇవి మంచినీళ్లు కాదండీ. అచ్చం మన చెరువు నీళ్లే! వీటితో కడిగితే మంగు ఎలా పోద్దండీ? నీళ్లు మార్చేయాలండీ."

భీమరాజు గారు నివ్వెరపోయారు. ఈ నీళ్లతోనా తన భార్య ముఖం కడుక్కుంటున్నది! ఊరంతా ఇవే తాగుతోంది కదా అని అక్కడ ఎవరూ అనలేదు. సందర్భం ముఖానిది.

మర్నాటి నుంచి సర్పంచ్ గారి బుగ్గల నిమిత్తం రోజూ ఒక ట్యాంకరు తియ్యనీళ్లు వచ్చాయి. రెండు బుగ్గలకి ఎన్ని నీళ్లు పడతాయి? చెంబుడు. సుబ్బాయమ్మ గారు పెరటి గుమ్మం తీసి, కాలనీలో ఉండే బంగారమ్మని కేకేశారు. బిందెలు వచ్చాయి. సాయంత్రం ఖాళీ ట్యాంకరు చూసి, "శ్రద్ధగా కడుగుతోంది" అని భీమరాజు గారు భార్యని మెచ్చుకున్నారు.

మా ఆవిడ పోయేదాకా ఆ కుళాయి నీళ్లే తాగింది. దాని ముఖం మీద ఒక్క మచ్చ ఉండేది కాదు. ట్యాంకరు రాకపోవడానికి అదే కారణమై ఉండాలి.

అంతలో పెద్ద ఆపద వచ్చింది. ఇంటిపట్టున ఉండటం వల్ల మంగు పలచబడసాగింది. భీమరాజు గారు అద్దంలా మెరిసిపోతూ, "ఇంకొక్క వారం. ఆ తర్వాత ట్యాంకరు మానేద్దాం" అన్నారు. ఆ మాట విని బంగారమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మగారండీ, కొంప మునిగిందండీ! మీ బుగ్గ తెల్లబడిపోతందండీ!"

"నన్నేం చెయ్యమంటావే?"

"ఆయన గారు భోంచేసి పడుకుంటారు కదండీ. అప్పుడొక్క గంట గట్టెక్కి సూర్యుడి వంక చూడండి. కాపలా నేనుంటాను."

"ఇన్నాళ్లకి కాస్త తేటపడ్డానే. నాకు మాత్రం ఆశ ఉండదా?"

"మీరు ఎలా ఉన్నా మాకు మహాలక్ష్మేనండీ. ఆ కుళాయి నీళ్లు తాగి మా మనవరాలు వాంతులు చేసుకునేది. ఈ నాలుగు రోజులే అన్నం ఒంటబట్టింది."

సుబ్బాయమ్మ గారు అద్దంలోకి ఒకసారి చూసుకున్నారు. తర్వాత గట్టెక్కారు.

ఆనాటి నుంచి మిట్టమధ్యాహ్నం మా ఊరి గట్టు చూడముచ్చటగా ఉండేది. సర్పంచ్ గారు ఎండకి ముఖమిచ్చి నిలబడేవారు. కొబ్బరి మట్టల నీడ పడితే కాలనీ ఆడవాళ్లు కర్రలతో మట్టలు పక్కకి నెట్టి పట్టుకునేవారు. మబ్బు పడితే మబ్బుని తిట్టేవారు. దిగేటప్పుడు ముసలమ్మలు తల నిమిరి, "నీ మంగు పదికాలాలపాటు చల్లగా ఉండాలి తల్లీ" అని దీవించేవారు. నాగేంద్రబాబు తెల్లబోయి, "మొండి మచ్చండీ. నీళ్లు చాలట్లేదు" అన్నారు. రెండో ట్యాంకరు మొదలైంది.

అధికారి గారు వచ్చే రోజు వచ్చింది. ముఖం మునుపటికన్నా నల్లగా ఉంది. భీమరాజు గారు భార్యని వంటింట్లో ఉండమని, సర్పంచ్ గారికి జ్వరమని ప్రకటించి, గౌరవార్థం ఫ్లెక్సీకి దండ వేయించారు. అధికారి గారు దండ చూసి, తలవంచి, రెండు నిమిషాలు మౌనం పాటించబోయారు. "జ్వరమేనండీ, జ్వరమే!" అని సాయికుమార్ అడ్డుపడ్డారు.

"మా గ్రామంలో నీటి సమస్య అన్న మాటే లేదు" అని భీమరాజు గారు ప్రసంగం ఎత్తుకున్నారు. అప్పుడే అధికారి గారికి దాహమేసింది. జనంలోంచి ఒకావిడ గ్లాసుతో వచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, ఆ గుక్కని భీమరాజు గారి ఇస్త్రీ చొక్కా మీదికి ఉమ్మారు.

"ఇవేం నీళ్లమ్మా?"

"కుళాయివండీ. ముఖం కడుక్కోడానికి పనికిరావన్నారు. అందుకని తాగడానికి ఇస్తన్నాం."

"నువ్వెవరు?"

"సర్పంచ్‌నండీ."

అధికారి గారు ఆవిడని చూశారు, ఫ్లెక్సీని చూశారు, కార్యదర్శిని చూశారు. సాయికుమార్ సర్పంచ్ గారిని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. "ఆయ్. పోలికలైతే ఉన్నాయండీ" అన్నారు.

"ఆవిడేనండీ!" అని కాలనీ ఆడవాళ్లు ఒక్కపెట్టున అరిచారు. "ఆ మంగు మేం పెంచిందండీ!"

ట్యాంకరు కథంతా విని అధికారి గారు చలించిపోయారు. గట్టు పరిశీలనకి కమిటీ వేశారు. కమిటీ ఇంకా రాలేదు, వస్తుంది. ఈలోగా, సర్పంచ్ గారి ముఖంలో మచ్చలు పూర్తిగా పోయేదాకా ట్యాంకర్లు ఆపరాదని ఉత్తర్వు ఇచ్చారు. రొయ్యలు క్షేమం. సుబ్బాయమ్మ గారు ఇవాళ మధ్యాహ్నం కూడా గట్టెక్కారు.

ఈ సంగతి అమలాపురం బస్సులో చాలామందికి చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. విని, అందరూ ఒకటే అడిగారు. "మధ్యలో పలచబడిందన్నారు కదండీ, అది ఏ మందుకండీ?"

నీళ్ల సంగతి ఒక్కరూ అడగలేదు. మీరైనా అడుగుతారేమోనని రాశాను. మీ చెయ్యి అప్పుడే బుగ్గ మీదికి వెళ్లింది.