బొంతమ్మ గోలు, గోరువంకల గోల

ఒక పెద్ద అడవిలో, ఏనుగులు తొక్కీ తొక్కీ చదును చేసిన మైదానం ఒకటి ఉండేది. ఏటా ఎండలు ముదరకముందే అక్కడ బంతాట జరిగేది. ఏటికి ఇవతలి అడవికీ, అవతలి అడవికీ పోటీ. అవతలివాళ్ళు గెలిస్తే ఆ వేసవంతా నీలాల మడుగు వాళ్ళది. ఓడినా, సమానమైనా మడుగు ఇవతలివాళ్ళకే ఉంటుంది. అంటే ఆట పేరే గాని, అది దాహం సంగతి.

ఇవతలి జట్టుకి గోలు కాసేది బొంతమ్మ. పేరుకి తగ్గట్టు ఒళ్ళంతా బొచ్చున్న ముసలి ఎలుగుబంటి. మూడు వేసవులుగా ఒక్క గోలూ పోనివ్వలేదని అడవంతా ఆమెని నెత్తిన పెట్టుకునేది.

ఆమె మాత్రం ఒక మాట కడుపులో దాచుకుంది. మూడు వేసవులుగా ఆమెకి బంతి కనపడటంలేదు.

కళ్ళకి మబ్బు కమ్మింది. తీగలతో అల్లిన బంతి, మట్టిరంగు నేల, అన్నీ కలిసి ఒకే మసక. మరెలా పట్టేదంటే, చెవులతో పట్టేది. బంతి ఎడమవైపు వస్తే ఆ గట్టు మీది కుందేళ్ళు "ఊ... ఊ..." అంటూ లేచేవి. కుడివైపు వస్తే కొండముచ్చులు కొమ్మలు విరిచేవి. ఇక గోలు గుంజల వెనకే కూచునే ముంగిస పోచయ్య ఉండనే ఉన్నాడు. వాడి నోట మంచిమాట పుట్టి ఎరగదు.

"ఎడమకి పడవే, బొంత మూటా! నిద్రపోతున్నావా?"

బొంతమ్మ ఎడమకి పడేది. బంతి పొట్టలో పడేది. అందరూ చప్పట్లు కొట్టేవారు. పోచయ్య మాత్రం "పడటానికి కూడా బద్ధకమే దీనికి" అని గొణిగేవాడు.

ఇలా సాగిపోతుంటే మైదానం సంఘానికి కొత్త బుద్ధి పుట్టింది.

సంఘానికి అధ్యక్షుడు దుమ్ములగొండి గంభీరయ్య. కిందటేడు ఆటకి పులి దొర ముఖ్య అతిథిగా వస్తే, గంభీరయ్య స్వాగతోపన్యాసం మొదలెట్టాడు. ఎంతకీ ఆపడే! జనం విసిగి "కూచో! కూచో!" అని అరిచారు. పులి దొర కూడా పంజా చాటున నవ్వాడు. ఆ నవ్వు గంభీరయ్యకి ఏడాది పొడుగునా అరగలేదు.

ఈసారి ఆటకి ముందు సమావేశం పెట్టాడు.

"మన మైదానంలో చప్పుడు ఉంది గాని, మర్యాద లేదు. అతిథుల ముందు చిన్న జంతువులు నోటికొచ్చినట్టు అరవడమేమిటి? వాళ్ళని వెదురు తడిక అవతల కూచోబెడదాం. ఏమంటావు, కార్యదర్శీ?"

కార్యదర్శి తొండ తల ఊపాడు. ఆయనకి సమావేశం ఉన్నా లేకపోయినా తల ఊపడం పుట్టుకతో వచ్చింది. ఆ గుణం చూసే ఉద్యోగం ఇచ్చారు.

"మరి చప్పుడు లేకపోతే ఆట చప్పగా ఉండదా అధ్యక్షా?" అని అడిగింది ఏదుపంది.

"చప్పుడికి గోరువంకల్ని పెట్టాం. నలభై. నేర్పినంత అరుస్తాయి, నేర్పింది తప్ప అరవవు. కార్యదర్శి గారు ఒకసారి తల ఊపితే చప్పట్లు, రెండుసార్లు ఊపితే 'గోల్', మూడుసార్లు ఊపితే 'గంభీరయ్యకీ జై'."

తొండ ఎంతో సంతోషంగా తల ఊపాడు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

అమర్యాదగా మాట్లాడేవాళ్ళ జాబితా ఒకటి రాశారు. అందులో మొదటి పేరు పోచయ్యది. రెండోదీ వాడిదే, మరిచిపోతారేమోనని.

ఆట రోజు వచ్చింది. గట్ల మీద అతిథులు కూచున్నారు. ఏనుగులు, అడవిదున్నలు, మొసలి దంపతులు. ఎవరూ నోరు విప్పలేదు. పులి దొర అప్పుడే కునుకు మొదలెట్టాడు. కుందేళ్ళూ, కొండముచ్చులూ, పందులూ తడిక అవతల గుమిగూడారు. తడిక ఎత్తు గనక వాళ్ళకి ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు.

గుంజల మధ్య నిలబడ్డ బొంతమ్మ చెవులు రిక్కించింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమెకి ఒళ్ళు చల్లబడింది.

ఆట మొదలైంది. ఇవతలి దుప్పులు చురుకైనవి. చూస్తుండగానే రెండుసార్లు గోలు కొట్టాయి. అవతలి జట్టు పెద్దదున్న బంతి తీసుకుని ఇటు తిరిగింది.

తొండ తల ఊపాడు. ఇంకా ఊపాడు. ఆపడం ఆయన చేతిలో ఉంటేగా!

చప్పట్లు! గోల్! గంభీరయ్యకీ జై! మళ్ళీ చప్పట్లు! గోల్!

గోరువంకలన్నీ కుడి గట్టు మీదున్నాయి. పాపం, బొంతమ్మ కుడికి దూకింది. బంతి ఎడమ గుంజ పక్కనుంచి నింపాదిగా వెళ్ళిపోయింది. కాసేపటికి రెండోదీ అలాగే పోయింది.

"ఒరేయ్, తల ఊపడం ఆపు!" అన్నాడు గంభీరయ్య పళ్ళ సందుల్లోంచి.

"చిత్తం, చిత్తం" అంటూ తొండ రెండుసార్లు తల ఊపాడు.

"గోల్!" అన్నాయి గోరువంకలు.

విరామంలో బొంతమ్మ నేల వాసన చూసుకుంటూ తడిక దగ్గరికి వెళ్ళింది.

"పోచయ్యా, ఉన్నావా?"

"ఎందుకు లేను? రెండుసార్లు గోలు ఇచ్చావట, ముసలిదానా. మడుగు కూడా నీ చేత్తోనే ఇచ్చెయ్యి. మా పిల్లలు చెమట తాగుతారు."

"నాకు బంతి కనపడటంలేదు నాయనా."

"అతిథులు అడ్డొచ్చారా?"

"మూడు వేసవులుగా కనపడటంలేదు. మీ అరుపులు విని పడుతున్నాను. సిగ్గేసి చెప్పలేదు."

 పోచయ్య తడికకి దగ్గరగా జరిగాడు.

"అంటే... నా తిట్లు వినేనా బంతులు పట్టావు?"

"నీ తిట్టు ఎప్పుడూ బంతికన్నా జానెడు ముందొచ్చేది నాయనా."

పోచయ్య ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి అరిచాడు. "ఏం చూస్తున్నారురా పందుల్లారా? మూతులున్నది దేనికి? తొయ్యండి!"

నాలుగు అడవిపందులు ఒక్క ఊపు ఊపాయి. తడిక వెల్లకిలా పడింది. జనం మైదానం గట్టుమీదికి ఏటినీరులా వచ్చిపడ్డారు. పోచయ్య గుంజల వెనక తన చోటికి చేరాడు. మొసలి దంపతుల ఒళ్ళో ఆరు కుందేళ్ళు కూచున్నాయి. "అమర్యాద! అమర్యాద!" అని గంభీరయ్య అరిచాడు గాని, ఆ మాట ఆయనకే వినపడలేదు.

రెండో సగంలో బొంతమ్మ మళ్ళీ బొంతమ్మ అయింది. కుందేళ్ళు "ఊ" అంటే ఎడమ, కొమ్మ విరిగితే కుడి. అవతలివాళ్ళు తొమ్మిదిసార్లు కొట్టారు, తొమ్మిదీ పట్టింది.

ఆట ముగిసే వేళకి పెద్దదున్న ఒంటరిగా బంతితో వచ్చేసింది. అడ్డం ఎవరూ లేరు.  కుందేళ్ళు కళ్ళు మూసుకున్నాయి. కొండముచ్చులు కొమ్మలు వదిలేసి ఒకరినొకరు పట్టుకున్నాయి. అంతటి మైదానమూ భయంతో మూగబోయింది. బొంతమ్మ చుట్టూ మళ్ళీ ఆ చల్లటి మసక.

"గంభీరయ్యకీ జై!" అన్నాయి గోరువంకలు.

"కుడి కింద! కిందే, గుడ్డి బొంతా! కూలబడు!"

బొంతమ్మ కూలబడింది. దుమ్ము లేచింది.

"ఏమైంది?" అని ఆమే అడిగింది.

"బంతి నీ బొచ్చులో ఉంది. గోక్కోకు, జారిపోతుంది" అన్నాడు పోచయ్య.

అప్పుడు లేచిన చప్పుడికి పులి దొర కూడా ఉలిక్కిపడి లేచి, ఎవరో తిరగబడ్డారనుకుని పొదలో దూరాడు.

ఆట సమానం. మడుగు దక్కింది.

మర్నాడు సంఘం సమావేశమై, క్రమశిక్షణ గల చప్పుడు వల్లే మడుగు దక్కిందని తీర్మానించి, గోరువంకలకి శాలువాలు కప్పింది. తడిక పడగొట్టించినందుకు పోచయ్యని మూడేళ్ళు మైదానానికి రావద్దంది. తొండ తల ఊపాడు.

బొంతమ్మ తీర్మానం చదివించుకుని విని, "అయితే వచ్చే ఏడు గోలు మీరే కాసుకోండి" అంది.

గంభీరయ్య దిగొచ్చాడు. "సరేలేమ్మా, వాణ్ణి నీ వెనకే కూచోనిద్దాం. కాని కాస్త మర్యాదగా పిలవమను."

"'అమ్మగారూ, దయచేసి కుడివైపు' అనేలోపు బంతి అడవి దాటిపోతుంది, బాబూ."

పోచయ్యకి గుంజల వెనక చాప వేశారు. వాడు కూచుంటూనే అది చిరిగిందని తిట్టాడు.

కళ్ళు మసకేసిన ప్రతివారికీ నీతి ఇది: జై కొట్టేవాళ్ళని తడిక అవతల పెట్టి, తిట్టేవాణ్ణి మీ వెనకే కూచోబెట్టుకోండి.