కప్పు మీద నాలుగో రేకు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ కునుకు తీయగానే నేను బీరువా తెరిచి ఆవిడ తమ్ముడి ఫొటో దొంగిలించాను.

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ బీరువాలో నేను చెయ్యి పెట్టడం అదే మొదలు. తలుపు కిర్రుమనకుండా పట్టుకుని తీశాను. పట్టుబడితే తిడుతుందని కాదు. ఆవిడ తిట్టేది కాదు. "ఊఁ" అనేది. ఆ "ఊఁ" వింటే నాకు మంచినీళ్ళు కూడా గొంతు దిగేవి కావు. ఇప్పుడావిడ లేదు కాబట్టి మీకిదంతా చెబుతున్నాను. ఉంటే చెప్పేవాణ్ణి కాదు.

ఫొటోలో మా బావమరిది గోల్‌కీపర్ జెర్సీ వేసుకుని, బంతిని గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు. వాచీలు బాగుచేస్తాడు. నోరు విప్పడు. అందుకని వాడికి నేను ‘గోడ’ అని పేరు పెట్టాను. ఆ జెర్సీ ఏ వీధి క్లబ్బుదో అనుకున్నాను. నాకు కావలసింది గోల్‌కీపర్ మొహం, అంతే.

ఎందుకు కావలసి వచ్చిందంటే, నేను మా దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య ఆఫీసులో రికార్డుల గుమాస్తాని. మా చుట్టుపక్కల ఏడు దేశాలు రెండేళ్ళకోసారి ఆడుకునే కప్పు ఒకటుంది. దానికి ముప్పై ఏళ్ళు నిండుతున్నాయి. ఉత్సవం మా దగ్గరే. ఆ కప్పు చరిత్రను పుస్తకంగా వేయాలన్నాడు మా కార్యదర్శి.

కార్యదర్శి ఒకప్పుడు రిఫరీ. విజిల్ ఇంకా జేబులోనే ఉండేది. ఒకసారి ఊదితే ఫైలు తెమ్మని. రెండుసార్లు ఊదితే మనిషిని రమ్మని. మూడుసార్లు ఊదితే ఆ మనిషి ఇంక ఆఫీసుకు రానక్కర్లేదని. మేమంతా ఆయన్ని ‘ఈల’ అనేవాళ్ళం, మనసులో.

"మూడు వారాలు. వంద పేజీలు. రికార్డులన్నీ నీ దగ్గర భద్రంగా ఉన్నాయిగా?" అన్నాడు ఈల.

"ఉన్నాయి సార్."

లేవు. రికార్డుల బీరువా అడుగు అరను చెదలు ఎప్పుడో తినేశాయి. తలుపు తీస్తే లోపల మట్టి. భయపడి మూసేశాను. ‘రికార్డులన్నీ స్వయంగా పరిశీలించాను, భద్రంగా ఉన్నాయి’ అని ఏటా సర్టిఫికెట్టు ఇవ్వాలి. ఇచ్చాను. పన్నెండేళ్ళు, పన్నెండు సర్టిఫికెట్లు. చెదల సంగతి బయటపడితే పన్నెండు అబద్ధాలూ ఒకేసారి బయటపడతాయి. ఉద్యోగం పోతుంది. పల్లెటూరి బడిలో చదివిన చదువుకి ఆ వయసులో మరో కుర్చీ ఎవడూ వేయడు.

చెదలు తిన్న మొదటి ఏళ్ళ ఫైళ్ళకు బదులు పాత పత్రికలు తిరగేశాను. మొదటి టోర్నమెంటుకు ఏడు దేశాలని పేరే గాని, వచ్చినవి నాలుగు. ఐదో జట్టు ఓడ ఎక్కి, ఫైనల్ అయిన మర్నాడు దిగింది. పాపం వచ్చారు కదా అని ఓడినవాళ్ళతో ఒక ఆట ఆడించి పంపేశారు. రెండో టోర్నమెంటులో రెండు జట్ల చొక్కాలూ ఒకే రంగు. ఒక జట్టు చొక్కాలు విప్పేసి వానలో ఆడింది, గెలిచింది, తర్వాత వారం మంచం పట్టింది. మూడో టోర్నమెంటు ఫైనల్ ఎంతకీ తేలక నాణెం ఎగరేసి కప్పు ఇచ్చారు. ఓడినవాళ్ళు ఇప్పటికీ ఆ నాణెం చూపించమంటున్నారు.

ఐదో టోర్నమెంటు నుంచి కాగితాలన్నీ ఉన్నాయి. నాలుగోది మాత్రం ఎక్కడా లేదు. ఆ ఏటి పత్రికల కట్ట బైండింగుకు వెళ్ళిందన్నాడు లైబ్రేరియను. ఎప్పుడొస్తుందంటే చేతులు పైకెత్తాడు. చెదలు ఆ ఫైలునీ తిన్నాయని నిశ్చయించుకున్నాను.

పుస్తకంలో నాలుగోది లేకపోతే ఈల వచ్చి బీరువా తెరుస్తాడు. అందుకని నాలుగో టోర్నమెంటును నేనే ఆడించడానికి కూర్చున్నాను, మా భోజనాల బల్ల దగ్గర.

"ఏం రాస్తున్నారు?" అంది మా ఆవిడ.

"చరిత్ర."

"చరిత్రంటే కాగితాలు చూసి రాస్తారు గదా. మీరు సీలింగు చూసి రాస్తున్నారేంటి?"

"గుర్తు తెచ్చుకుంటున్నా."

"అప్పుడు మీరు అక్కడ లేరుగా."

"అందుకే కష్టంగా ఉంది."

"ఇంతకీ ఎవరు గెలిచారు?"

"మనమే."

"మనమా?" గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికే వచ్చేసింది. "మొన్న మనవాళ్ళు మన గోల్లోనే రెండు కొట్టుకున్నారు గదండీ."

"అది మొన్న. ఇది పూర్వం."

"ఓడిపోయామని రాయండి. ఓడితే ఎవరూ పట్టించుకోరు. గెలిస్తేనే ఎలా గెలిచావని అడుగుతారు."

"నాకు చెప్పకు."

"ఊఁ," అంది.

వినలేదు. మా దేశం ఆ కప్పును ఒక్కసారీ గెలవలేదు. కలం చేతిలో ఉండగా ఎందుకు ఓడాలి? చిటికెన వేలు విరిగినా రెండు పెనాల్టీలు ఆపిన గోల్‌కీపర్ని పుట్టించాను. వాడికి మొహం కావలసి వచ్చింది. బీరువా తెరిచాను.

పుస్తకం ఐదొందల కాపీలు అచ్చయింది. ఈల చదివి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మనం ఒకసారి గెలిచామా! నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు. ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు గాని, ఎవరూ కాదనలేదు. గెలుపును ఎవడు కాదంటాడు? ఒక కాపీ కూడా ఇంటికి తేకుండా జాగ్రత్తపడ్డాను. నాలుగు రోజులు అన్నం సహించింది.

ఐదో రోజు విజిల్ రెండుసార్లు మోగింది.

"ఉత్సవానికి కప్పు వస్తోంది," అన్నాడు ఈల. "గెలిచినవాళ్ళ పేర్లన్నీ దాని అడుగున చెక్క దిమ్మ మీద ఉంటాయట. ఏడు దేశాలవాళ్ళ ముందూ ఒక్కొక్కటే చదివి వినిపిస్తా. నాలుగోదాని దగ్గర కాస్సేపు ఆగుతా."

ఎన్నడూ గెలవలేదు కాబట్టి ఆ కప్పు మా ఆఫీసు గడప తొక్కలేదు. దాని మీద పేర్లుంటాయన్న ఆలోచనే నాకు రాలేదు. ముప్పై ఏళ్ళ చరిత్ర రాసినవాడికి!

"పాలిష్ పెట్టించుకొస్తాను సార్," అన్నాను. ఆ మాట ఎవరు పలికించారో నాకు తెలియదు.

"రేపు పదింటికి నా బల్ల మీద ఉండాలి. ఎల్లుండే ఉత్సవం."

పెట్టె విప్పాను. దిమ్మ చుట్టూ వెండి రేకులు. ఒకటి, రెండు, మూడు. తర్వాత ఐదోది. మధ్యలో ఉత్త చెక్క. మేకు గుర్తు కూడా లేదు.

వేరే దేశం పేరు ఉన్నా అంత భయపడేవాణ్ణి కాదు. ఆ ఉత్త చెక్కను చూసి భయపడ్డాను. గోనెసంచిలో కుక్కి ఇంటికి తెచ్చి మంచం కింద తోశాను.

పావుగంటలో మా ఆవిడ చీపురు దానికి తగిలింది.

"ఏమండీ, మంచం కింద ఈ వెండి బిందె ఏంటి?"

"బిందె కాదు. కప్పు."

"ఎవరిది?"

"ఏడు దేశాలది."

"ఏడు దేశాలకీ మన మంచం కిందే దొరికిందా చోటు?"

చెప్పేశాను. చెదలు, సర్టిఫికెట్లు, పెనాల్టీలు, ఫొటో. ఆవిడ "ఊఁ" కూడా అనలేదు. పుస్తకం తెమ్మంది. ఆఫీసుకు పరుగెత్తి తెచ్చాను. తమ్ముడి బొమ్మ ఉన్న పేజీ మీద చాలాసేపు ఆగింది. నేను గోడకి చేరగిలబడి చెమట తుడుచుకున్నాను.

"నాలుగోది ఏ ఏడు, ఏ నెల?" అంది చివరికి.

చెప్పాను.

"ఆ నెలలో మన పెళ్ళి."

"అవునా?" అన్నాను. నా జీవితంలో అంత బుద్ధిలేని మాట మరొకటి అనలేదు.

"అప్పుడు ఊరూరా జ్వరాలు. పదిమందికి మించి గుమిగూడొద్దన్నారు. పెళ్ళికి తొమ్మిదిమందిమి ఉన్నాం. పదోవారు మీరు. ఆటలన్నీ రద్దయ్యాయి. మీ నాలుగో టోర్నమెంటు జరగనే లేదు."

చెదలు ఆ ఫైలు తినలేదు. ఫైలే లేదు. ఆ పేజీ ఖాళీగా వదిలేసి ఉంటే అదే నిజం అయ్యేది. నేను కూర్చోబోయిన చోట కుర్చీ లేదు. కింద కూర్చున్నాను.

"ఇది దేశం చొక్కా," అంది ఫొటో మీద వేలు పెట్టి. "ఆ ఏడు మా తమ్ముణ్ణి జట్టులోకి తీసుకున్నారు. చొక్కా ఇచ్చారు, ఫొటో తీశారు. వారం తిరక్కుండా ఆట లేదన్నారు. మళ్ళీ వాణ్ణి ఎవరూ పిలవలేదు."

"నాకెవరూ చెప్పలేదే."

"ఇరవై నాలుగేళ్ళలో మీరు వాణ్ణి అడిగిన మాట ఒక్కటే. ‘నా వాచీ అయిందా?’ అని."

పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది.

"రేపు పొద్దున వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"ఉద్యోగం పోతుందే. గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు ఒకడున్నాడు. గంటలో రేకు కొట్టించేస్తా. ఎవరికీ తెలీదు."

"మా తమ్ముడికి తెలీదా?"

"వాడు గోడ. మాట్లాడడు."

నాకేసి చూసింది. ఆ చూపు గురించి ఎక్కువ చెప్పను. తర్వాత మామూలుగా లేచింది. "సరే మీ ఇష్టం. గీతలు పడకుండా పాత చీర చుట్టి సంచిలో పెడతాను," అంది.

కరిగిందనుకున్నాను. వెధవని.

పొద్దున ఎనిమిదింటికి చెక్కేవాడి ముందు సంచి దించాను. వాడు చీర విప్పాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. లోపల మా ఇంటి పాలగిన్నె, మూతతో సహా.

"దీని మీద ఏం చెక్కమంటారు?" అన్నాడు వాడు.

"నా మొహం," అన్నాను.

ఇంటికి పరుగెత్తాను. తాళం. ఆఫీసుకు పరుగెత్తాను. మెట్ల మీద ఉండగా విజిల్ రెండుసార్లు మోగింది. పాలగిన్నె చంకలో పెట్టుకునే లోపలికి వెళ్ళాను.

ఈల బల్ల మీద కప్పు తళతళలాడుతోంది. ఎదురుగా కుర్చీల్లో మా ఆవిడా, గోడా.

"రండి," అంది మా ఆవిడ. "మీరు చెప్పమన్నదంతా అన్నయ్యగారికి చెప్పేశాను."

"నేను చెప్పమన్నానా?"

"తప్పు రాశాను, మొహం చూపించలేను, నువ్వెళ్ళి చెప్పమని మీరే గదండీ ఏడ్చారు?"

నేను ఏడవలేదు. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

"పన్నెండేళ్ళు," అన్నాడు ఈల. మొహం ఎర్రబడింది. "పన్నెండు దొంగ సర్టిఫికెట్లు!" జేబులోంచి విజిల్ తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

కాగితాల చప్పుడైంది.

"అన్నయ్యగారూ, ఒక్క నిమిషం," అంది మా ఆవిడ. "ఈయన దస్తూరి కోడిగీతలు. అందుకని ఇవన్నీ నేనే రాసిపెట్టేదాన్ని. సంతకాలయ్యాక ఒక ప్రతి ఇంటికి వచ్చేది. అడుగున ‘నేనూ బీరువా తెరిచి సరిచూశాను’ అని రెండో సంతకం ఉంది, పన్నెండింటి మీదా. ఆ సంతకం ఎవరిదో నాకు అర్థం కావడం లేదు. మీరు చదివి పెడతారా?"

విజిల్ మోగలేదు. కళ్ళు తెరిచాను. అది ఆయన పెదాల మధ్యే ఉంది గాని ఊపిరి లేదు. అంతకాలమూ నా మొహం మీదే ఉండిన భయం మరొకడి మొహం మీద అప్పుడే చూశాను. ఏ మొహానికీ అది నప్పదు.

విజిల్ జేబులోకి వెళ్ళింది.

"అమ్మా, మనలో మాట," అన్నాడు గొంతు తగ్గించి. "పుస్తకం ఎలా ఉందో అలాగే ఉండనిద్దాం. మీ తమ్ముడిగారికి రేపు వేదిక మీద సన్మానం చేద్దాం. రెండు పెనాల్టీలు ఆపారని ఏడు దేశాల ముందూ చెబుతాను."

మా ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. నేనూ తిరిగాను. వాడు ఒప్పుకుంటే అందరం బతికిపోతాం. వాడి పెద్ద చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

"నేను ఆడలేదండీ," అన్నాడు గోడ.

కప్పు వైపు చూసి, "ఎంపికయ్యాను. అదొక్కటి రాస్తే చాలు," అన్నాడు.

ఉద్యోగం ఉంది. ఈలది కూడా ఉంది. ఉత్సవం రేపే కాబట్టి, ఐదొందల పుస్తకాల్లోనూ ఆ పేజీ మీద చీటీ అంటించాలని తీర్మానమైంది. ఎవరు అంటించాలన్న చర్చ రాలేదు. మాటలు మా ఆవిడ చెప్పింది, నేను రాశాను: ‘జ్వరాల వల్ల నాలుగో టోర్నమెంటు జరగలేదు. జట్టును ఎంపిక చేశారు. ఈ ఫొటోలో ఉన్నది ఆ జట్టు రిజర్వు గోల్‌కీపరు.’

"ఇంకేమైనా రాయాలా?" అన్నాను.

"ఇంకేం జరిగిందని?" అంది.

అచ్చాఫీసువాడు మధ్యాహ్నానికి చీటీలు పంపాడు. భోజనాల బల్ల మీద పుస్తకాలు పరిచాం. బావమరిది చీటీల అంచులు కత్తిరించాడు. వాచీలు బాగుచేసే చెయ్యి, వెంట్రుకంత కూడా తేడా రాలేదు. నేను జిగురు పూశాను. మా దేశం గెలిచిన ఒకే ఒక్క కప్పు నా బ్రష్షు కిందే పోయింది. ఆవిడ కుర్చీ వేసుకుని, ఆరినవాటిని ఒక్కొక్కటే తెరిచి చూసింది.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. పెళ్ళి ఏడు మరిచిపోయినందుకు నన్ను క్షమించనే లేదు. నా సంచిలో పాలగిన్నె పెట్టినందుకు నేనూ ఆవిడని క్షమించలేదు.

ఆ రోజు సాయంత్రానికి నా వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆవిడ ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

"ఇది వంకరగా ఉంది. పీకి మళ్ళీ అంటించండి."

"ఐదొందల్లో ఒకటి. ఎవడు చూస్తాడే?"

"నేను చూశానుగా."

పీకాను.