రాళ్లవాగులో ముప్పై ఒక్క కారు షెడ్లు

ఇకమీదట పంచాయతీ సమితి పరిధిలో ఏ బిడ్డకూ గాయం కారాదని బి.డి.ఓ. దశరథం గారు ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఆదేశించారు. సైక్లోస్టైల్ ప్రతులు తీయడానికి మూడు గంటలు పట్టింది కనుక ఆదేశం మధ్యాహ్నం రెండు నుంచి అమలులోకి వచ్చింది. ఈ లోపల రాళ్లవాగు అనే ఊళ్లో ఒక పిల్లవాడు గోడ మీది నుంచి పడి పన్ను విరగ్గొట్టుకున్నాడు గాని, అది పాత పద్ధతి కిందికి వస్తుంది.

ఆదేశం చూసి గ్రామసేవిక యాదలక్ష్మి నిజంగానే సంతోషించింది. నార్కట్‌పల్లి దాపునున్న ఆ రాళ్లవాగులో పొయ్యిలన్నీ నేల మీదే ఉంటాయి. అంబాడే పిల్లలకు నిప్పుకూ బొమ్మకూ తేడా తెలియదు. ఆ ఏడాది ఐదుగురు పసివాళ్లను ఆమె బస్సెక్కించి దవాఖానకు తీసుకుపోయింది. ఐదోది కూలికి పోయే సుక్కమ్మ కూతురు, పది నెలలది. మూడు వేళ్లు బొబ్బలెక్కి, దారి పొడుగునా యాదలక్ష్మి ఒళ్లోనే ఏడ్చింది.

దీనికి యాదలక్ష్మి దగ్గర ఒక ఉపాయం ఉంది. పొయ్యి చుట్టూ మోకాలెత్తు మట్టిగోడ. పెద్దవాళ్లు దాటుతారు, పిల్లలు దాటలేరు. ఇంటికి నాలుగు తట్టల మట్టి, ఒక పూట పని.

"ఎల్లుండి వస్త. మనిద్దరం కలిసి కడదాం" అని సుక్కమ్మకు మాటిచ్చింది.

మరునాడు సమితి ఆఫీసులో మీటింగు పెట్టారు. దశరథం గారి చేతిలో విదేశం నుంచి వచ్చిన నలభై పేజీల పుస్తకం ఉంది. ఇంట్లో పిల్లల రక్షణకు అందులో నాలుగు పేజీలు. కార్లలో పిల్లల రక్షణకు ముప్పై ఆరు.

"ఏది ముఖ్యమో పేజీలే చెబుతున్నాయి" అన్నారు దశరథం గారు.

"సార్, మన ఊళ్లల్ల కార్లు లేవు గద" అంది యాదలక్ష్మి.

"ప్రమాదం అక్కడే ఉందమ్మా. అలవాటు లేనివాళ్లకే దెబ్బలు తగులుతాయి."

రాళ్లవాగు పిల్లల్లో కారెక్కినవాడు ఒక్కడూ లేడు. ఎన్నికలప్పుడు ఒక కారు పంక్చరై ఊరి ముందు ఆగితే దాన్ని ముట్టుకుని చూసినవాళ్లు మాత్రం ఉన్నారు. కారులో లేని పిల్లవాణ్ణి కారులో కాపాడటం ఎలాగన్నది మామూలు అధికారికి అంతుబట్టని సమస్య. దశరథం గారు దాన్ని ఒక్క వాక్యంలో పరిష్కరించారు.

"ముందు ఎక్కించండి. తరువాత కాపాడుదాం."

సమితికి ఉన్నది ఒకటే జీపు. దానికి తలుపులు లేవు. సీటుకు బెల్టులు కుట్టడానికి తోలు పనిచేసే మైసయ్యను పిలిపించారు. మైసయ్య పుస్తకంలోని బొమ్మను తలకిందులుగా చూసి, సరిగా తిప్పి చూసి అడిగాడు.

"సారూ, గీ పట్టెలు దుంకకుంటనా, ఉరకకుంటనా?"

"పడకుండా."

"జీపు నడపకుంటే పడరు గద సారూ."

మైసయ్యకు చదువు లేదని దశరథం గారు పెద్ద మనసుతో క్షమించారు.

ఆ మరునాటి నుంచి రోజుకు రెండు ట్రిప్పులు నడిచాయి. రాళ్లవాగులో ఆరుగురు పిల్లల్ని ఎక్కించడం, బెల్టులు బిగించడం, చిట్యాల దాకా తీసుకుపోయి క్షేమంగా దింపడం. బెల్టులు బిగించే పని యాదలక్ష్మిది. మిగతా సమయంలో ఎంతమంది క్షేమంగా దిగారో మూడు ప్రతులు రాసే పని కూడా ఆమెదే.

ఒక ఉదయం సుక్కమ్మ జీపుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"సేవికమ్మా, ఎల్లుండి అంటివి. పదిహేను దినాలాయె. చిన్నదాన్ని మంచం కోడుకు కట్టేసి కూలికి పోతున్న. నడుముకు తాడు ఒరుసుకపోయింది. జర నువ్వే వచ్చి చూడు."

యాదలక్ష్మికి ఆమె మొహంలోకి చూడటానికి సిగ్గేసింది. నేరుగా ఆఫీసుకు వెళ్లి ఒక్క రోజు సెలవు అడిగింది. పసిదాన్ని మంచానికి కట్టేస్తున్న సంగతి చెప్పింది.

దశరథం గారి కళ్లు మెరిశాయి.

"కట్టేశారా? వాళ్లంతట వాళ్లే? బెల్టు సూత్రం గ్రామాల్లోకి చొచ్చుకుపోయిందన్నమాట! రిపోర్టులో రాయండి."

"సెలవు సార్?"

"బెల్టు బిగించడం వచ్చిన ఉద్యోగి జిల్లాలో మీరొక్కరే. మీకు సెలవేమిటమ్మా?"

ఆ శుక్రవారం ఊరి ముందర బహిరంగ ప్రదర్శన జరిగింది. పూలదండ వేసుకున్న దశరథం గారు నడుస్తున్న జీపు పక్కమెట్టు మీద నిలబడి ఉపన్యసిస్తూ వచ్చారు. పిల్లలు సీట్లలో బిగుసుకుని కూర్చున్నారు.

"సోమన్నా! ప్రజలకు తెలియాలి. బ్రేకు కొట్టు!"

డ్రైవరు సోమన్న ఆజ్ఞ పాలించాడు. మైసయ్య బెల్టులు అద్భుతంగా పనిచేశాయి. ఒక్క పిల్లవాడు కూడా సీటు మీంచి కదలలేదు. దశరథం గారు మాత్రం దండతో సహా ముందుకు వెళ్లి తుమ్మకంపలో ఆగారు. పెద్దలు పథకం పరిధిలోకి రారు.

"మల్లొకపారి కొట్టు!" అని పిల్లలు కేకలు పెట్టారు.

భుజం ఎముక విరిగింది. దశరథం గారికి ఆరువారాల సెలవు. ఆయన్ను కంపలోంచి లాగడానికి దగ్గరికి తెచ్చిన జీపు గుంటలో దిగి ఇరుసు వంగింది కనుక జీపుకు కూడా సెలవే.

మరునాడు తెల్లవారేసరికి యాదలక్ష్మి సుక్కమ్మ ఇంట్లో మట్టి తొక్కుతోంది. సాయంత్రానికి గోడ లేచింది. తాడు విప్పగానే పసిది గోడ దాకా పాకి, పట్టుకుని లేచి నిలబడింది. అది లేచి నిలబడటం అదే మొదటిసారి. సుక్కమ్మ పరుగున పోయి పక్కింటామెను పిలుచుకొచ్చింది. పక్కింటామె తన పక్కింటామెను పిలుచుకొచ్చింది. ఆరు వారాల్లో ముప్పై ఒక్క ఇళ్లలో గోడలు లేచాయి. దవాఖాన బస్సు యాదలక్ష్మి ఒక్కసారి కూడా ఎక్కలేదు.

చేయి మెడకు వేలాడేసుకుని తిరిగివచ్చిన దశరథం గారు ఏడాది రిపోర్టు ముందు పెట్టుకున్నారు. ఫారంలో మూడే గడులు ఉన్నాయి. కారు బెల్టులు, కారు తలుపులు, కారు షెడ్లు.

"పొయ్యిగోడకు గడి లేదు" అన్నారు. "చుట్టూ గోడ ఉంటుందా?"

"మూడు దిక్కుల ఉంటది సార్. నాలుగో దిక్కు ఇంటిగోడ."

"లోపల వేడి?"

"ఉంటది సార్."

"ఇంజనూ వేడిగానే ఉంటుంది" అని, ఎడమచేత్తో 'కారు షెడ్లు: 31' అని స్వయంగా రాశారు.

ఒక్క ఊళ్లో ముప్పై ఒక్క షెడ్లు చూసి పట్నంలో పైవాళ్లు ఆనందించారు. ఆ వెంటనే ఆ కార్లలో పిల్లలకు బెల్టులు ఉన్నాయా లేదా తనిఖీ చెయ్యమని ఒక ఇన్‌స్పెక్టరును పంపారు.

ఆయన మొదట సుక్కమ్మ ఇంటికే వచ్చి, గోడకు టేపు పట్టి కొలిచారు.

"ఎత్తు తక్కువ. చిన్న కారే ఉంటుంది. ఎక్కడుందమ్మా కారు?"

సుక్కమ్మ యాదలక్ష్మి వైపు చూసింది. యాదలక్ష్మి నేల వైపు చూసింది. లోపల జొన్నగటక ఉడుకుతోంది. పసిది గోడ మీదుగా మంట వైపు చేయి చాపింది. అందలేదు. ఇంకా చాపింది. అందలేదు. విసుగొచ్చి ఇన్‌స్పెక్టరు గారి టేపు నోట్లో పెట్టుకుంది.

ఆయన టేపు లాక్కుని తుడుచుకుని రాసుకున్నారు: షెడ్డు ఉన్నది. కారు బయటికి వెళ్లినది. తిరిగి వచ్చిన పిమ్మట తనిఖీ.

ఆయన పోయాక సుక్కమ్మ మెల్లగా అడిగింది.

"ఏమంటడు సేవికమ్మా?"

"మీ కారు వచ్చినంక మల్ల వస్తడట."

సుక్కమ్మ గోడ మీద చేయి వేసింది.

"గప్పటిదాకనైతే గోడ తియ్యమనరు గద?"