ఇటివ్వు, చూపిస్తాను

ఆ ఉదయం రిటైరైన లెక్కల మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పార్కులో దర్జీ బెంచీలకు రంగు వేస్తుంటే నాలుగు గంటలు చూడాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. గొడవలో ఎవరి కారు అద్దం మీదకో ఇస్త్రీపెట్టె విసిరిన దర్జీకి కోర్టు జైలు బదులు నలభై గంటల సేవ వేసింది. ఇలాంటివాళ్ళను దగ్గరుండి చూసుకోవడానికి ప్రొబేషన్ ఆఫీసు వాలంటీర్లను పెట్టుకుంది, వాళ్ళలో మాస్టారొకరు. ఇంకా నాలుగు గంటలు మిగిలాయి, ఈ రోజే గడువు. అవి నిండకపోతే దర్జీ రెండు నెలలు లోపలికి వెళ్ళాలి. ఆ దిగులు దర్జీకన్నా మాస్టారికే ఎక్కువ.

రంగు చారలు పడుతుంటే పది నిమిషాలు ఓర్చుకున్నారు. పదకొండో నిమిషంలో లేచారు.

"ఇటివ్వు నాయనా, ఒక్కసారి చూపిస్తాను."

మాస్టారి చొక్కా పాడవుతుందని దర్జీ తన పసుపుపచ్చ కోటు విప్పి ఇచ్చాడు. దాని వీపున 'కోర్టు శిక్ష' అని పెద్దక్షరాలు. మూడున్నర గంటలు గడిచాయి. దర్జీ రిజిస్టరు పట్టుకుని నీడలోనే ఉన్నాడు. బ్రష్షు అడిగినప్పుడల్లా "ఈ మూల ఒక్కటీ" అన్నదే జవాబు.

నడకకొచ్చిన పక్కింటావిడ ఆ వీపు చదివి మాస్టారింటికి ఫోన్ చేసింది. పావుగంటలో భార్య రొప్పుతూ వచ్చేసింది.

"ఏం చేశారండీ? నాతో ఒక్క ముక్కయినా చెప్పొద్దూ?"

"నేనేం చెయ్యలేదే."

"అందరూ అదే అంటారు," అంది తనిఖీకి వచ్చిన ప్రొబేషన్ ఆఫీసరమ్మ. కొత్తగా చేరింది, ఎవరి ముఖమూ ఎరగదు. దర్జీ వైపు తిరిగి, "పని బాగా చేయిస్తున్నారండీ," అని మెచ్చుకుంది.

మాస్టారు లెక్క వేసుకున్నారు. నిజం చెబితే దర్జీ జైలుకి పోతాడు. చెప్పకపోతే తన పరువు పోతుంది. భార్య ముఖం చూడలేక, "అవునమ్మా, శిక్ష నాదే," అన్నారు.

"కాదు మేడమ్, నాది," అంటూ దర్జీ లేచాడు. "పొద్దున్నుంచి బ్రష్షు అడుగుతూనే ఉన్నాను. ఇవ్వట్లేదు."

ఆఫీసరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మాస్టారి భార్యను అడిగింది. "ఈయన నిజంగా అలాంటివారేనా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "నేను మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెడతారమ్మా. నా చేతిలో గరిటెని ఏ కూరా పూర్తయ్యేదాకా ఉండనివ్వలేదు. పాపం, ఆ అబ్బాయి చెప్పింది నిజమే."

ఆఫీసరమ్మ దర్జీ చేతిలోని రిజిస్టరు తీసుకుంది. 'చేసిన సేవ' అన్న గడిలో 'మాస్టారి పర్యవేక్షణ భరించుట, నాలుగు గంటలు. శిక్ష పూర్తి' అని రాసి సంతకం చేసింది. దర్జీ అక్కడే తడి బెంచీ మీద కూలబడి ఏడ్చేశాడు.

మాస్టారి భార్య రిజిస్టరులోకి తొంగి చూసింది.

"ముప్ఫై ఎనిమిదేళ్ళయితే ఏ గడిలో రాస్తారమ్మా?"