బెరుకు పరీక్ష తప్పిన అలుగు

ఒక పెద్ద అడవిలో, ఎండలు ముదిరేసరికి, నీళ్ళున్న మడుగు ఒక్కటే మిగిలింది. సాయంత్రమైతే జంతువులన్నీ అక్కడికే చేరేవి. నీళ్ళు తాగేది కాసేపే, కబుర్లు మాత్రం చీకటి పడేదాకా.

ఆ కబుర్లకు భయపడి నీళ్ళకే రాని ప్రాణి ఒకటుండేది. ఒళ్ళంతా పొలుసులున్న అలుగు, పేరు నాంచారి. ఎవరైనా "బాగున్నావా?" అంటే చాలు, జవాబు గొంతుదాకా వచ్చేది గానీ, ఈలోపు ఒళ్ళు బంతిలా చుట్టుకుపోయేది. రోజూ పొదచాటు నుంచి మడుగు వైపు చూసి, ఎవరో ఒకరు కనిపించగానే వెనక్కి తిరిగేది. చీమలతో కడుపు నిండుతుంది గానీ దాహం తీరదు కదా.

పక్క బొరియలో ఉండే ఉడుము సూరమ్మకు జాలేసింది. అడవి సభకు వెళ్ళి మొరపెట్టుకుంది.

"అధ్యక్షా, మా నాంచారి నలుగురిలోకి రాలేక దాహంతో చచ్చిపోయేలా ఉంది. ఒంటరిగా తాగడానికి కాస్త వేళ ఇప్పించండి."

సభాధ్యక్షుడు ఏనుగు గంభీరయ్య. ఆయన మాట్లాడడు, తల ఊపుతాడు. ఆ ఊపుకు అర్థమేమిటో సభ్యులే చెప్పుకోవాలి. ఈసారి నెమలి పింఛారావు చెప్పాడు.

"అధ్యక్షులవారి ఉద్దేశమేమిటంటే, బెరుకున్నవాళ్ళకు తెల్లవారుజామున మడుగు వదిలేద్దాం. కానీ ఎవరి బెరుకు ఎంతో ముందు తేల్చాలి. బెరుకున్నవాళ్ళంతా రేపు ఈ రాతిబండ ఎక్కి, అందరి ముందూ తమ బెరుకు గురించి గట్టిగా చెప్పాలి. నేను కొలుస్తాను."

"బెరుకున్నవాళ్ళు బండెలా ఎక్కుతారయ్యా?" అంది సూరమ్మ.

"ఎక్కకపోతే నేనెలా కొలుస్తానమ్మా?" అన్నాడు పింఛారావు.

గంభీరయ్య తల ఊపాడు.

మర్నాడు ముందుగా గోరింక ఎక్కింది. "నలుగురిలో నాకు నోరు పెగలదు" అని మొదలుపెట్టి మధ్యాహ్నందాకా చెప్పింది. మధ్యమధ్యలో, వెనకవాళ్ళకు వినబడుతోందా అని కనుక్కుంది. తర్వాత ఎలుగుబంటి ఎక్కి, జనాన్ని చూస్తే తానెలా వణుకుతాడో వణికి చూపించాడు. చప్పట్లు పడ్డాయి. వెనకున్నవాళ్ళను ముందుకు పిలిచి మళ్ళీ వణికాడు. పింఛారావు కళ్ళు తుడుచుకుని, ఇద్దరిదీ తీవ్రమైన బెరుకేనని ప్రకటించాడు. దాంతో బండెక్కడానికి తోపులాట మొదలైంది. చివరికి పింఛారావు తనను తానే పరీక్షించుకున్నాడు. ఎవరూ చూడకపోతే తనకు గుండె దడ వస్తుందని తేలింది. అదీ తీవ్రమే.

సూరమ్మ బతిమాలి తీసుకొస్తే నాంచారి కూడా బండెక్కింది. అన్ని కళ్ళు ఒక్కసారి తన మీద పడేసరికి చుట్టుకుపోయి, దొర్లి, నెమలి కాళ్ళ దగ్గర ఆగింది.

"నీ బెరుకు కొంచెమా, ఎక్కువా?" అని అడిగాడు పింఛారావు.

నాంచారి ఇంకా బిగుతుగా చుట్టుకుపోయింది.

"అడిగినా పలకదు. ఇది బెరుకు కాదు, పొగరు. పొగరుబోతులు సాయంత్రమే మడుగుకు రావాలి. వచ్చి ప్రతి ఒక్కరినీ పలకరించాలి."

నాంచారి ఆ పూటంతా బొరియలో పడుకుని ఏడ్చింది. కానీ దాహం ఆగనివ్వలేదు. మరుసటి సాయంత్రం "దణ్ణాలండీ, దణ్ణాలండీ" అని దారంతా వల్లించుకుంటూ మడుగుకు వెళ్ళింది.

అక్కడ ఎవరూ లేరు. అడవిలో అందరిదీ తీవ్రమైన బెరుకే కావడంతో, ఇప్పుడు తొక్కిసలాటంతా తెల్లవారుజామునే. నాంచారి కడుపారా తాగింది. తలెత్తి చూస్తే అవతలి గట్టున గంభీరయ్య. ఆమెను చూడగానే ఆయన గబగబా వెళ్ళి చేతికర్రంత వేపమొక్క వెనక దాక్కున్నాడు.

తనకంటే ముందు ఎదుటివాళ్ళు దాక్కోవడం నాంచారి ఎన్నడూ చూడలేదు.

"అధ్యక్షా, కనిపిస్తున్నారు" అంది మెల్లగా.

"తెలుసమ్మా" అన్నాడు గంభీరయ్య. "సభలో నోరు తెరుద్దామంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. అందుకే తల ఊపుతాను. వాళ్ళేమో గాంభీర్యమంటారు."

"మరి మీరు బండెక్కలేదేం?"

"ఎక్కితే చెప్పాలిగా."

నాంచారికి నవ్వొచ్చింది. అప్పుడు గమనించింది, ఇంతసేపూ తాను మాట్లాడుతూనే ఉందని. అంతలో ఆమెను వెతుక్కుంటూ సూరమ్మ వచ్చింది. ఇద్దరయ్యేసరికి నాంచారికి మాట తడబడింది, అయినా ఆగలేదు. ఇంకాసేపటికి ఎక్కడి నుంచో కొంగల గుంపు వాలింది. వెంటనే నాంచారి చుట్టుకుపోయింది.

గంభీరయ్య ఇవతలి గట్టుకు వచ్చి, ఆమెను తొండంతో మెల్లగా పొదచాటుకు దొర్లించి, తానూ ఆ పక్కనే ఒదిగాడు.

"ఒకరైతే మాట్లాడగలను, ఇద్దరైతే తడబడతాను, గుంపైతే ఇదిగో ఇలా" అంది నాంచారి బంతి లోపలి నుంచి. "నా కొలత ఇంతే, అధ్యక్షా." ఆ మాట చెప్పడానికి ఆమెకు సిగ్గనిపించలేదు.

తర్వాతి సభలో పింఛారావు మండిపడ్డాడు. "తెల్లవారుజామున మేమంతా బెరుకుతో ఒకరినొకరు తొక్కుకుంటున్నాం. ఆ పొగరుబోతు మాత్రం సాయంత్రం హాయిగా తాగుతోంది. దానికి బుద్ధి రావాలంటే సాయంత్రం ఇంకెవ్వరూ మడుగు దరిదాపులకు పోకూడదు. అధ్యక్షులవారు మాత్రం వెళ్ళి నిఘా వేయాలి."

గంభీరయ్య తల ఊపాడు. ఇంత ఇష్టంగా ఆయన ఎన్నడూ ఊపలేదు.

నీతి: బిడియస్తులకు మేలు చేయాలనుంటే, వాళ్ళను పొగరుబోతులని తిట్టి వదిలేయండి.