కెరోలిన్ అడిగిన సాయం

మా ఇంటి ఓనరు పట్టాభిరామయ్య ప్రొద్దుటూరులో నలభై ఏళ్లు పట్టుచీరలు అమ్మి, కొట్టు కొడుక్కి అప్పగించి, ఇప్పుడు పైవాటాలో ఉంటున్నాడు. పట్టు అమ్మడం మానేసినా, పట్టు పట్టడం మానలేదు. నా స్కూటరు దడదడలాడుతుందన్న ఒక్క కారణానికి నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నాడు.

నా భార్య కెరోలిన్ పాఠాలు చెప్పే బడి మూడు వీధుల అవతలే. ఇంత దగ్గర ఇంకో ఇల్లు దొరకదు. కాబట్టి సాయాలు చేసి ఆయన్ను మంచి చేసుకోవాలని పథకం వేశాను.

గ్యాసు బండ పైకి మోశాను. వాళ్లావిడ చెన్నమ్మకు మాత్రలు తెచ్చిపెట్టాను. శ్రావణ శనివారం వేంపల్లె దాకా బస్సులో, అక్కడినుంచి షేర్ ఆటోలో పోయి, గండి ఆంజనేయస్వామి ప్రసాదం కూడా తెచ్చాను. క్యూలో నన్నెవరో ఫొటో తీసి మా చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ ఆదివారం పాస్టరుగారు ప్రసంగమంతా నా వైపే చూస్తూ చెప్పారు.

ఇంత చేస్తే, ప్రసాదం కళ్లకద్దుకుని పట్టాభిరామయ్య నన్ను అనుమానంగా చూశాడు.

“ఏంపా ప్రభుదాసూ, ఇంకో నెల గడువు కావాల్నా?”

“అబ్బే, ఏమీ వద్దు మామా.”

“ఏమీ వద్దనే వాడితోనే నాకు శానా భయం.”

ఆ తర్వాత నేను మెట్లెక్కే చప్పుడైతే చాలు, తలుపేసుకునేవాడు.

“ఏందప్పా నువ్వు చేస్తాండేది?” అంది కెరోలిన్. “పదిమందికి పని చెప్పి బతికిన మనిషి ఆయన. నువ్వు సేవ చేసేకొద్దీ తాను ముసిలోడైనట్టు ఉంటాది.”

“అయితే ఏం చేద్దాం?”

“నువ్వు ఊరికే ఉండు. అదే శానా సాయం.”

తనే పైకి వెళ్లింది. నేను మెట్ల కింద నిలబడి విన్నాను.

“మామా, జమ్మలమడుగులో మా చెల్లెలు ప్రశాంతి పెండ్లి. తెల్లపట్టు చీర కావల్ల. నాకు పట్టు సంగతి తెలీదు. మీరొచ్చి చూసిపెడ్తారా?”

కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత పట్టాభిరామయ్య గొంతు వినిపించింది. “తెల్లపట్టు ఎంచేది అంత సులభం గాదు పాపా. చెన్నమ్మా, నా చెప్పులు యాడ పెట్టినావు?”

ఏడు కొట్లు తిరిగారట. ప్రతి చీరనూ వీధిలోకి తెచ్చి ఎండలో పరిచి చూశాడట. సొంత కొడుకు కొట్లోనే “ఇది పట్టేనా?” అని మందలించాడట. చివరికి మీగడ రంగు చీరొకటి దొరికితే, దాని అంచును వేలితో నిమురుతూ చాలాసేపు ఉండిపోయాడట. ఇంటికొచ్చేసరికి మనిషికి పదేళ్ల వయసు తగ్గింది.

పెళ్లినాడు చర్చిలో ముందు బెంచీలో కూర్చున్నాడు. ప్రశాంతి నడిచి వస్తుంటే, “చీర చూసినారా? నేనే ఎంచినా” అని వరసగా అందరికీ చెప్పాడు. మా మామగారికంటే ముందు ఆయనే కళ్లు తుడుచుకున్నాడు.

తిరిగొచ్చాక కెరోలిన్ సామాను సర్దుతుంటే ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

“యాడికి పాపా? నువ్వు పోతే నన్ను ఏదైనా అడిగేవాళ్లు ఎవరుండారు? ఈడే ఉండు.” నా వైపు చూసి ఆలోచించాడు. “నువ్వు కూడా ఉండప్పా.”

ఆయన వెళ్లాక కెరోలిన్‌ను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. “ఈ విద్య యాడ నేర్చినావు?”

“బీఎడ్‌లో. నీ చేత పదకొండు చార్టులు గీయించుకున్నా గదా.”

“నీకు బొమ్మలు రావంటివే.”

“డ్రాయింగులో నాకు జిల్లా ప్రైజు వచ్చింది.”

ఆ పదకొండో చార్టు పూర్తయిన వారానికే, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానని మా నాన్నతో పోట్లాడినవాణ్ణి నేను. ఇన్నేళ్ల తర్వాత అడగడానికి ఒక్కటే మిగిలింది.

“చార్టులన్నా బాగొచ్చినాయా?”

“కప్ప బొమ్మ ఉడకబెట్టిన ఉర్లగడ్డ మాదిరి ఉన్నింది,” అంది కెరోలిన్. “నేనే మళ్లా గీసుకున్నా.”