మంత్రిగారు నింపిన పన్ను

"ఇకమీదట ఈ రాష్ట్రంలో ఏ పన్నూ ఒంటరిగా పుచ్చిపోదు" అని మంత్రిగారు ప్రకటించారు. పుచ్చితే ప్రభుత్వం తోడుంటుందట. ఆ మాట టీవీలో విని నా కళ్లు చెమర్చాయి.

వారం తిరక్కుండా మా టౌను సర్కారు దవాఖానకు బయోమిమెటిక్ స్మార్ట్ ఫిల్లింగ్ అనే, పుచ్చు పన్నులో నింపే మందు వచ్చింది. పళ్ల డాక్టర్ వనిత మాకు విడమరిచి చెప్పింది. అది అచ్చం అసలు పన్నులాగే నడుచుకుంటుంది. నోట్లో పులుపు పెరిగితే తానే పసిగట్టి, కాల్షియం వదిలి పన్నును కాపాడుతుంది. ఎవరూ చెప్పకుండానే తన పని తాను చేసుకునేది మా దవాఖానలో అడుగుపెట్టడం అదే మొదలు.

తొలి లబ్ధిదారు మా పక్కింటి మగ్దలేనమ్మ. భర్త బొగ్గుబాయిలో చేసి రిటైరయ్యాడు. ఆమెకు నమలడానికి మిగిలింది కుడివైపు ఒక్క జత పళ్లే. అందులో కింది పన్ను పుచ్చింది. తోడుగా నేను వెళ్లాను.

"జర జల్ది నింపు మేడమ్. మక్క గుడాలు తినక నెలైతంది," అంది.

డాక్టర్ మందు చేతిలోకి తీసుకుందో లేదో, మంత్రిగారి పీఏ వెంకటేశ్ ఫోన్ చేశాడు.

"గా పన్ను ముట్టకుండ్రి. సారొచ్చి ఓపెనింగ్ చేస్తరు. రంధ్రం గట్లనే ఉంచుండ్రి."

మంత్రిగారి రాక మూడుసార్లు వాయిదా పడింది. ఒకసారి కేబినెట్, ఒకసారి పెళ్లి, ఒకసారి అమావాస్య. పుచ్చు మాత్రం ఒక్కరోజూ సెలవు పెట్టలేదు. మగ్దలేనమ్మ బుగ్గ వాచిపోయి, గేటు దగ్గరి స్వాగత ఫ్లెక్సీలో ఆమె ఫొటో మార్చాల్సి వచ్చింది. గంజి తాగుతూ ఏడ్చే మనిషిని చూస్తే నాకు బాధేసింది. కాని ప్రోటోకాల్ ప్రోటోకాలే.

నాలుగో సోమవారం పొద్దున, చీము దవడకు పాకుతోందని డాక్టర్ ఆ పన్ను పీకేసింది. గంటకల్లా మంత్రిగారి కాన్వాయ్ సైరన్ వినిపించింది.

"పన్నేది?" అన్నాడు వెంకటేశ్.

"పీకిన సార్. ట్రేల ఉన్నది."

"ఉన్నది గదా. ఇగ ఫికరెందుకు?"

మంత్రిగారు గ్లౌజులు తొడుక్కుని, ట్రేలోని పన్నుకు స్వహస్తాలతో మందు నింపి, అది గట్టిపడేందుకు నీలం లైటు కొట్టారు. చేయి ఏమాత్రం వణకలేదు. కెమెరాలు మెరిశాయి.

"నొప్పి లేస్తుందా అవ్వా?" అని ఆప్యాయంగా అడిగారు.

నోట్లో దూది పెట్టుకున్న మగ్దలేనమ్మ ట్రే వైపు చూసింది. "దానికేం లేదు సారూ," అంది.

తొలి స్మార్ట్ ఫిల్లింగ్ విజయవంతమైందని మర్నాడు పేపర్లన్నీ రాశాయి. వాపు తగ్గాక నేను మెత్తగా ఉడికించిన మొక్కజొన్న గుడాలు పట్టుకెళ్లాను. ఆమె రెండు గింజలు నోట్లో వేసుకుని, అటూ ఇటూ తిప్పి, తీసేసింది. తర్వాత కొంగు ముడి విప్పి, మంత్రిగారు నింపిన పన్ను తీసి గిన్నె పక్కన పెట్టింది.

"ఎవలు జెప్పకున్నా పని చేస్తదని మేడమ్ అన్నది గద," అంది. "నమలుమను."